అరగంట పడుకోకూడదు

"విదేశీ ముఠా ఒకటి విశాఖ ఫిషింగ్ హార్బర్లో ఏదో దించబోతోంది. సరుకేమిటో తెలీదు. ఈ కబురు పంపిన మనవాడు మర్నాడే యారాడ ఒడ్డున శవమై తేలాడు," అన్నాడు చీఫ్ నీలకంఠం. "అక్కడ నీకు తోడు ఒక్కరే. కేథరిన్. మన ఏజెంటే."

అలా అర్జునరావు ఐస్ ప్లాంటులో కంప్రెసర్ ఆపరేటరయ్యాడు. జాలరిపేటలో ఒంటరి గది. నలభై ఎనిమిదేళ్లకు ఇది అతని పదకొండో మారుపేరు. ఏ పేరుతోనూ అతన్ని ప్రేమగా పిలిచినవాళ్లు లేరు.

కేథరిన్ పైకి సీఫుడ్ కంపెనీ క్వాలిటీ ఆఫీసర్. తెల్లకోటు, ఎర్ర లిప్‌స్టిక్. ఆమె నడిచొస్తే చేపల వేలం పాట క్షణం ఆగిపోయేది. నైట్ డ్యూటీ దిగాక అతనితో టీ బడ్డీ దగ్గర ఇడ్లీ తిని, గ్లాసుడు నీళ్లతో ఓ క్యాప్సూల్ మింగేది.

"డాక్సీసైక్లిన్. మొటిమలకి," అంది మొదటిరోజు. "పాలతో వేసుకుంటే ఒంటికి పట్టదు. ఎండా పడదు. మింగాక అరగంట పడుకోకూడదు, గొంతులో పుండు పడుతుంది. అందాకా కబుర్లు చెప్పు."

రోజులో అతనితో మనిషన్నవాడు మాట్లాడేది ఆ అరగంటే.

పదో రోజు ఆమె అతని జేబులో ఆ క్యాప్సూళ్ల స్ట్రిప్ ఒకటి పెట్టింది. "రోజూ వేసుకో. ఎందుకని అడక్కు."

"నాకు మొటిమల్లేవే!"

ఆమె లేచింది. గొడుగు తీసుకుని ఐస్ ప్లాంటు వైపు వెళ్లిపోయింది.

పక్కనే రొయ్యలు ఏరుతున్న కాశమ్మ తలెత్తింది. "ఏటి బావూ, ఆ కొత్త బోటోళ్లని సూసినావా? ముగ్గురికీ మొకాలు కాలిపోయి తోలూడతంది. జాలరోడికి ఎండకి తోలూడుద్దేటి? పాల టీ ఇత్తే ముట్టరు, నల్ల టీయేనంట!"

అర్జునరావు గ్లాసు పక్కన పెట్టాడు. ఫోన్ తీసి చీఫ్‌కి సంకేత వాక్యం చెప్పాడు.

"ఐసు కరిగింది."

"ఉప్పు చల్లాం. చెప్పు."

చెప్పాడు. రెండు నిమిషాల తర్వాత నీలకంఠం మళ్లీ లైన్లోకి వచ్చాడు. "డాక్టర్ని అడిగాను. టెట్రాసైక్లిన్ జాతి మందు అది. వేసుకుంటే కొందరికి ఎండకి చర్మం కాలుతుంది. మొటిమలకే కాదు, కలరాకి, ఎలకల జ్వరానికి, ప్లేగుకి కూడా వాడతారట. నలుగురు జబ్బు రాకముందే మింగుతున్నారంటే, జబ్బు వాళ్ల చేతిలోనే ఉంది!"

నలుగురు. అంటే కేథరిన్‌తో కలిపి. డ్యూటీ దిగినా ఆమె వెళ్లింది ఐస్ ప్లాంటుకే.

నగరంలో అమ్మే చేపల్లో సగం ఈ ఐసులోనే ఉంటాయి. పొద్దున్న ఆరింటికి ట్యాంకు నీళ్లు ఐసు డబ్బాల్లోకి వదులుతారు. ఆరుకు నిమిషం తక్కువ. అర్జునరావు పరిగెత్తాడు.

ట్యాంకు మూత తెరిచి ఉంది. కేథరిన్ స్టీలు ఫ్లాస్కు మూత తిప్పుతోంది. అతని పిస్టల్ చూసినా ఆమె వేళ్లు ఆగలేదు.

"మందు వేసుకున్నావా?" అంది.

"లేదు."

"పిచ్చివాడా!"

అతను మందు మింగలేదని తెలిసి ఆమె వేళ్లు తడబడ్డాయి. అర్జునరావు దూకి ఫ్లాస్కు లాక్కున్నాడు. మూత చివరి మరలో వేలాడుతోంది. బిగించాడు. ఆరైంది. ట్యాంకులోంచి మంచినీళ్లే కదిలాయి.

"ఆ స్ట్రిప్ ఇవ్వకపోతే నీ మీద అనుమానమే రాకపోయేది," అన్నాడు బేడీలు వేస్తూ. "ఎందుకిచ్చావ్?"

"అరగంట మాట్లాడే మనిషి నాకూ ఇంకెవరున్నారు?"

ఏడింటికల్లా కోస్ట్ గార్డ్ ఆ ముగ్గురి బోటును పట్టుకుంది. ఫ్లాస్కు ముట్టుకున్నందుకు అర్జునరావుకీ అదే మందు రాశాడు డాక్టరు. సాక్ష్యంగా సీలు వెయ్యాల్సిన స్ట్రిప్‌లోంచి ఒకటి తీసి, నిండు గ్లాసు నీళ్లతో మింగి, టీ బడ్డీ బల్ల మీద కూర్చున్నాడు. పక్కన చోటు ఖాళీగా ఉంది.

"ఏటి బావూ, అలిసిపోనావు. ఇంటికెల్లి తొంగోవా?" అంటూ కాశమ్మ గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

అరగంట పడుకోకూడదు. ఆ అరగంట ఎవరితో గడపాలో మాత్రం ఏ డాక్టరూ రాసివ్వడు.