చాసిస్ నంబరు మీద చెయ్యి

జరగండి, ఇంకొంచెం దగ్గరికి జరగండి. వెనకాల కూర్చున్న అవ్వకు కూడా వినబడాలి కదా. లింబాద్రి గుట్ట నరసింహస్వామి సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు.

నా పేరు లింబయ్య. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద నాకు కార్ల షెడ్డు ఉంది. పొద్దున్నే షట్టర్ ఎత్తి, స్వామి పటానికి ఊదుబత్తి వెలిగించి, ఆ తర్వాతే స్పానర్ ముట్టుకుంటాను. పోయిన శ్రావణంలో ఒకరోజు శిరీష వచ్చింది. బోధన్‌లో చెరకు కాంట్రాక్టులు చేసిన మధుకర్ సేటు కూతురు.

"కాకా, మా బాపు కారు నడవాలె. బాగు చేసియ్యిండ్రి, నేనే నడుపుత," అంది.

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

ఆ కారు నాకు తెలుసు. ఎర్ర రంగు, రెండే సీట్లు, నేలను రాసుకుంటూ పోయినట్టుండే విదేశీ స్పోర్ట్స్ కారు. ఇరవై ఆరేళ్ళ కింద సేటు దాని బ్రేకు బాగు చేయమని నాకే ఇచ్చాడు. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ పోయింది. ఆ కార్లకు ఒకే ఏడాదిలో రెండు రకాల సిలిండర్లు వచ్చాయి. ఏది ఏ బండిదో బండి మీద గుద్దిన చాసిస్ నంబరు చూస్తేనే తెలుస్తుంది. నేను చూడలేదు. మా దగ్గర అలవాటు వేరు. పాత ముక్కను సంచిలో వేసుకుని దుకాణానికి పోయి, అలాంటిదే ఏరుకుని తెచ్చుకుంటాం. చూపుకు రెండూ ఒకటే. బోల్టులు కూడా కూర్చున్నాయి. బిగించాను.

పదో రోజు మంజీర వంతెన దగ్గర బ్రేకు పట్టలేదు. సేటు పోయాడు. రాసి పెట్టి ఉంది అన్నారు జనం. నేనూ తల ఊపాను. నా తప్పు స్వామికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆయన బిడ్డ అదే కారును నా చేతిలో పెడుతోంది. ఈసారి కూడా ముక్క తప్పితే, స్టీరింగ్ ముందు ఉండేది ఆ పిల్ల.

మరుసటి రోజు మధ్యాహ్నం బోధన్ పోయాను. ప్రమాదం తర్వాత సొట్టలు తీయించి మూలన పెట్టిన కారు సేటు పాత గోదాములో ఉంది. తాళం తీసిచ్చి శిరీష ఇంటికి పోయింది. బయట మబ్బు, లోపల పట్టపగలే చీకటి. రేకుల మీద చినుకుల చప్పుడు. ఎన్నడో పీపాల్లో ఎండిపోయిన చక్కెర మడ్డి వాసన, తియ్యగా, పుల్లగా, గొంతులో అతుక్కునేలా. బానెట్ ఎత్తాను. ఇంజను వెనక రేకు మీద నంబరు గుద్ది ఉంది. ఫోను లైటు పెట్టి ఫోటో తీసి, హైదరాబాద్‌లో పాత కార్ల సామాను తెప్పించే సాయిరాంకు పంపాను. వెంటనే ఫోను మోగింది.

"లింబన్నా, నంబరు మీద చెయ్యి పెట్టిండెవలు? జర తీయమను."

"ఎవలు లేరు. నేనొక్కన్నే ఉన్న."

"నకరాలు చేయకే. నాలుగు వేళ్ళు సాఫ్ కనబడుతున్నయి."

నా ఫోనులో చూసుకున్నాను. వట్టి రేకు. తుప్పు కింద మసక మసకగా అంకెలు. ఇంకో ఫోటో పంపాను.

ఈసారి సాయిరాం గొంతు తగ్గింది. "అన్నా... ఇప్పుడు రెండు చేతులున్నయి."

ఫోను జేబులో పెట్టాను. బండి బదిలీ కాగితాలకు చేసినట్టు, నంబరు మీద తెల్ల కాగితం పరిచి పెన్సిలుతో రుద్దాను. మొదటి అంకె వచ్చింది. రెండోది వచ్చింది. ఆ తర్వాత కాగితం పైకి లేచింది. కింద గట్టి ఇనుప రేకు... పైన కాగితం... మధ్యలో వరుసగా నాలుగు ఉబ్బులు.

ముట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాయి.

నరసింహా, నరసింహా అంటున్నాను. చివరికి గుసగుసగా అన్నాను, "సేటూ... ఈసారి నంబరు చూసే తెప్పిస్త. నీ బిడ్డ పానం కోసం. చెయ్యి తీయి."

తర్వాత ఉబ్బులు ఒక్కొక్కటే అణిగిపోయాయి. పెన్సిలు కింద నంబరు మొత్తం తేలింది. ఆ కాగితం ఫోటో తీసి పంపాను.

"ఇది రెండో రకం అన్నా," అన్నాడు సాయిరాం. "పైకి ఒక్క తీరుగనే ఉంటది, లోపలి గొట్టం బోరు సైజు వేరే."

ఆలోగా ఇంజనూ టైర్లూ సరిచేశాను. పన్నెండో రోజుకు పార్సిల్ వచ్చింది. బిగించి, ఇరవై సార్లు తొక్కి చూశాను. పెడల్ రాయిలా నిలబడింది.

ఆదివారం పొద్దున శిరీష నడుపుతుంటే పక్క సీట్లో కూర్చున్నాను. రెండు పక్కలా చెరకు. రెండుసార్లు బ్రేకు కొట్టించాను. గట్టిగా పట్టింది.

"గుడిల కూసున్నట్టు కండ్లు మూసుకున్నరేంది కాకా? నా డ్రైవింగు గంత ఘోరమా?" అని నవ్వింది.

వంతెన దూరంగా కనిపించింది. నవ్వు ఆగింది.

"కాకా, కాలు తీయుండ్రి."

"ఏం కాలు?"

"నా కాలు మీద మీ కాలు... తీయుండ్రి కాకా..."

నా రెండు కాళ్ళూ నా ముందే చాపి ఉన్నాయి.

యాక్సిలరేటర్ నేలకు అణిగి ఇంజను అరుస్తోంది. ముల్లు ఎనభై దాటింది. తొంభై. ఆ పిల్ల కాళ్ళు లాక్కుంటోంది కానీ పాదాలు కదలడం లేదు. హ్యాండు బ్రేకు లాగాను. బండి లెక్కచేయలేదు. స్వామి పేరు తలుద్దామంటే నోటికి రాలేదు. నిజమే వచ్చింది.

"బిడ్డా, మీ బాపును నేనే సంపిన! నంబరు సూడకుంట అందాజగ తెచ్చి బిగించిన! తప్పు నాది!"

ఇంజను గొంతు ఒక్కసారి పడిపోయింది. శిరీష బ్రేకు తొక్కింది. బండి వంతెన మొదట్లో ఆగింది.

కింద నీళ్ళ చప్పుడు.

"ఎప్పుడో చెప్తే అయిపోతుండె గద కాకా," అంది, నా వైపు తిరగకుండా.

దిగి, కుంటుకుంటూ పోయి రోడ్డు పక్కన కూలబడింది. కుడి కాలి తెల్ల బూటు విప్పి నా ముందు పెట్టింది. దాని మీద నల్లటి ఆయిల్‌తో మగమనిషి పాదం అచ్చు, వట్టి పాదం. తుడుద్దామని మోకాళ్ళ మీద కూర్చున్నాను. గుడ్డ పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పక్కన కూర్చున్నవాడు తొక్కినా, వెనక నుంచి తొక్కినా, వేళ్ళు బండి ముందు వైపుకే ఉండాలి కదా. ఆ అచ్చులో మడమ బూటు ముక్కు వైపు, అంటే ఇంజను వైపు ఉంది. వేళ్ళు శిరీష వైపు ఉన్నాయి, ఆమెకు ఎదురుగా నిలబడి తొక్కినట్టు.