ఓజెరోవా మోకాలు

మా థియేటర్‌లో పైహాలుకి మంచి పేరు లేదండీ. ముందే చెప్తున్నా.

అన్నిటికన్నా పైన, సరిగ్గా కప్పు కింద ఉంటుంది ఆ నాట్యసాధన హాలు. నేల కూడా స్టేజీ లాగే ఏటవాలు, కిటికీల వైపు కిందికి దిగుతుంది. పగలు ఎవరైనా వెళ్తారు. చీకటి పడ్డాక మాత్రం... ఊడ్చే మనిషి వెళ్ళదు, పియానో వాయించే ఆయన మూత వేసేసి, కోటు తగిలించుకుని దిగిపోతాడు. మా పీటర్స్‌బర్గ్‌లో డిసెంబర్ అంటే చీకటి పడటానికి ఎంతసేపు? మధ్యాహ్నం టీ చల్లారేలోపు రాత్రే.

ఏముంది అక్కడ అంటే, బూట్ల చప్పుడు. బ్యాలే బూట్లు, వేళ్ళ దగ్గర చెక్కలా గట్టిగా ఉంటాయే, అవి. టక్... టక్... టక్... తర్వాత కాసేపు ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడమే భయం. ఆ తర్వాత దబ్బుమని ఒక్కటి.

"ఓజెరోవాకి కోపం వచ్చింది," అంటారు మావాళ్ళు. ఎందుకు కోపమో ఎవరికీ తెలీదు.

గ్లఫీరా ఓజెరోవా. జారు చక్రవర్తుల కాలం మనిషి. ఆవిడ నాట్యం చూడ్డానికి మంచులో రాత్రంతా టికెట్ల కోసం నిలబడేవాళ్ళట. 'కొవ్వొత్తి' అని ఆవిడ నాట్యం ఒకటుంది, అది ఆడుతుంటే హాల్లో ఒక్కరు దగ్గేవాళ్ళు కాదట. సినిమా తీసినవాళ్ళు లేరు. ఫొటోలున్నాయి గానీ, ఆ రోజుల్లో కెమెరా ముందు కదలకూడదు కదా, అందుకని అన్నిట్లోనూ నిలబడే ఉంటుంది. మరి ఆ నాట్యం ఎలా మిగిలిందీ అంటే, ముసలితనంలో ఓజెరోవా లిడియా పావ్లోవ్నాకి నేర్పింది. లిడియా రిమ్మా ఆర్కాద్యెవ్నాకి నేర్పింది. రిమ్మా ఇప్పుడు తాయాకి నేర్పుతోంది. కాలి నుంచి కాలికి, అంటాం మేము. కాగితం మీద ఏమీ ఉండదు.

ఆ తాయా చెప్పిందే ఇది.

ఓజెరోవా పేరు మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. 'కొవ్వొత్తి' తాయాకి వచ్చింది. ముందురోజు పైహాల్లో ఆఖరి సాధన. ఆ నాట్యం నడుమ ఒక చోటుంది. కుడి మోకాలు కొంచెం వంచి, ఎడమ చెయ్యి మెల్లగా పైకెత్తి, ఆగాలి. జనం ఏడ్చేది అక్కడే. మంట వంగిందని, ప్రాణం వంగిందని దాని మీద పుస్తకాలు కూడా రాశారు.

"వంగు," అంది రిమ్మా ఆర్కాద్యెవ్నా. "వంగమంటే కూలబడమని కాదు. బంగాళాదుంపల బస్తా దించుతున్నావా?"

"రిమ్మా ఆర్కాద్యెవ్నా, ఇక్కడ సంగీతం పైకి లేస్తోంది. నేను కిందికెందుకు వెళ్ళాలి?"

"ఓహో. మేడమ్‌గారికి కాళ్ళు లేకపోయినా చెవులున్నాయి."

"ఊరికే అడుగుతున్నానండీ."

"ఓజెరోవా వంగింది. లిడియా పావ్లోవ్నా వంగింది. యుద్ధంలో తిండి లేక లేవలేని రోజుల్లో, ఇది మర్చిపోకూడదని దుప్పటి మీద రెండు వేళ్ళతో ఆడుకునేదావిడ, తెలుసా? నా బతుకంతా నేను వంగాను. నువ్వొచ్చి ఎందుకు అంటావా?" ఆవిడ వేలెత్తింది. "రేపు ఒక్క వేలు మార్చి చూడు. ఎల్లుండి నుంచి వెనక వరసలో చెట్టులా నిలబడతావు. నిలబెడతాను."

తలుపు ధడేల్న వేసి వెళ్ళిపోయింది.

పియానో ఆయన మూత దించాడు. కిటికీ వైపు ఒకసారి చూసి, "నువ్వూ దిగిపోతే మంచిది తాయా..." అని గొణిగి, మెట్లు దిగేశాడు.

తాయా దిగలేదు. ఒళ్ళు మండిపోతోంది. పదేళ్ళ పిల్లప్పట్నుంచీ ఇదే కదా. ఎవరో ఒకరు వంగమంటారు, వంగాలి. మేము సాధనకి ముందు కాలు జారకుండా, చెక్క బూటుని పట్టుకునేలా నేల మీద కాసిని నీళ్ళు చల్లుకుంటాం, దానికో రేకు డబ్బా ఉంటుంది. ఆ కోపంలో డబ్బాని ఒక్క తన్ను తన్నింది. నేల ఎత్తుగా ఉన్న పైమూలకి పోయి పడింది. నీళ్ళు మడుగు కట్టాయి.

లైటు కూడా వెయ్యలేదు. గోడవారన వేడి గొట్టానికి ఆనుకుని కూర్చుని, రేపటి బూట్లకి రిబ్బన్లు కుడుతోంది. కాళ్ళకి ఒట్టి మేజోళ్ళే. వీధి దీపాల వెలుగు కిటికీల్లోంచి నేల మీద పడుతోంది.

టక్.

తాయా సూది ఆగింది.

టక్... టక్...

మడుగు దగ్గర్నుంచి. 'కొవ్వొత్తి' మొదలయ్యేది కూడా ఆ మూల నుంచే.

ఎవరూ లేరు. కానీ పొడి చెక్కల మీద తడి ముద్ర ఒకటి పడింది. చిన్నది, గుండ్రంగా, బూటు కొసంత. దాని పక్కన ఇంకోటి. ఇంకోటి... ముద్రలు వంకర తిరుగుతూ కిందికి వస్తున్నాయి. తన వైపే వస్తున్నాయి. తాయా కళ్ళు వాటంతటవే లెక్క కట్టేస్తున్నాయి. ఇది ఆ తిరుగుడు. ఇది ఆ చిన్న పరుగు. అడుగు తప్పు లేదు. తను నేర్చుకున్నదే.

మోకాలు వంచే చోటు వచ్చింది.

ముద్ర పడలేదు.

ఏమీ లేదు... ఎక్కడా ఏమీ లేదు... తాయా మొహం మీద నుంచి గాలి కోసుకుంటూ వెళ్ళింది.

దబ్బ్.

హాలు ఆ చివర, ఇంచుమించు ఎదుటి గోడ దగ్గర, ఒక్క తడి పాదముద్ర. నడుమ అంతా పొడి నేల. అంత దూరం దూకిన మనిషిని తాయా జన్మలో చూడలేదు.

ఎంతసేపు అలా ఉండిపోయిందో. తలుపు తెరుచుకుంది. లైటు వెలిగింది. రిమ్మా ఆర్కాద్యెవ్నా, భుజాల మీద శాలువాతో.

"ఇంకా ఇక్కడే ఏడుస్తున్నావా? నేను తిట్టాననీ..." అంటూ నేల వైపు చూసింది. ఆగిపోయింది.

ముద్రల వెంబడే నడిచింది. అవి ఆగిన చోట ఆగింది. ఎదుటి గోడ దాకా చూసింది. మొహంలో రంగు లేదు.

తాయా గుసగుసగా అంది. "లిడియా పావ్లోవ్నాకి నేర్పేటప్పటికి... ఓజెరోవా ఎలా ఉండేది?"

"కుర్చీ పట్టుకుని నేర్పేదట," అంది రిమ్మా. "మోకాలు పోయింది అప్పటికే."

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. సాధనలో అలిసిపోతే మావాళ్ళంతా చేసేదే కదండీ అది. నిజంగా దూకరు. మోకాలు కాస్త వంచి, చెయ్యి పైకి లేపి, ఇక్కడ దూకడం ఉంది అని చూపించి వదిలేస్తారు. ముసలావిడ చూపించింది. శిష్యురాలు చూపించిన దాన్నే నేర్చుకుంది. దేవుడి పటంలా నెత్తిన పెట్టుకుని మోసింది.

"రేపు నేను దూకుతాను," అంది తాయా.

"దూకవు."

"మీరే చూశారు కదండీ..."

"నేనేం చూడలేదు." రిమ్మా శాలువా కొసతో నేల తుడవడం మొదలుపెట్టింది, మోకాళ్ళ మీద కూర్చుని. "ఇది తప్పయితే నా దగ్గర ఇంకేమీ లేదే, పిల్లా. ఇల్లు లేదు, మొగుడు లేడు. ఈ వంగడం ఒక్కటే ఉంది. వంగుతావు."

పైమూలలో రేకు డబ్బా కదిలింది. దొర్లింది. కిటికీల వైపుకి, కిందికి, దొర్లితే నేల వాలు అనుకోవచ్చు. అది ఎత్తు వైపుకి దొర్లి, గోడకి కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకుంది. మళ్ళీ...

రిమ్మా లేచి నిలబడింది. భయపడలేదు. పళ్ళు బిగబట్టి, ఆ ఖాళీ మూలతో అంది. "కోప్పడు. బాగా కోప్పడు. నీ చచ్చిన మోకాలిని ఇన్నేళ్ళు మోశాం మేము. ఒక్క మాట చెప్పలేకపోయావా, ఇక్కడ దూకాలే పిల్లా, అని? పరువు తక్కువయ్యిందా?"

డబ్బా ఆగిపోయింది.

మర్నాడు హాలు నిండింది. తాయా దూకాలనే వెళ్ళింది. స్టేజీ మీద తిరుగుతూ కూడా దూకుతాననే అనుకుంది. కానీ ఎదుటి పక్క తెర చాటున రిమ్మా కనబడింది. రెండు చేతులూ ఛాతీ మీద నొక్కిపెట్టుకుని, బిచ్చగత్తెలా చూస్తోంది.

సంగీతం పైకి లేచింది. తాయాకి తన మీద తనకే ఒళ్ళు మండింది. అయినా మోకాలు వంచింది. చెయ్యెత్తింది. ఆగింది.

హాలంతా ఒక్కసారిగా ఊపిరి లాగింది.

ఎన్నడూ లేని చప్పుడది. తాయా తలెత్తి చూసింది. ముందు వరసలు, బాల్కనీలు... ఒక్క మొహం కూడా తన వైపు లేదు. తలలన్నీ పైకి లేచి ఉన్నాయి. మెల్లగా, అన్నీ కలిసి, రిమ్మా నిలబడ్డ పక్కకి తిరుగుతున్నాయి... ఇంకా తిరుగుతున్నాయి... గాల్లో పోతున్న దేన్నో వదలకుండా చూస్తున్నట్టు.

తెర చాటున రిమ్మా గబుక్కున వెనక్కి తప్పుకుంది. దారి ఇచ్చింది. తల వంచింది.

చప్పట్లతో కప్పు ఊగిపోయింది. తాయా ఇంకా మోకాలు వంచే ఉంది.