మిర్యాలగూడకు తిరుగు దారి

సూర్యాపేటలో మా రైస్ మిల్లు ఆఫీసు రెండో అంతస్తులో ఉండేది. చివరి గది నాది. ఏసీ చల్లదనం పోకుండా కిటికీలకు నల్ల కాగితం అంటించడంతో పట్టపగలు కూడా అందులో చీకటే. ఫ్యాను గొణుగుడు, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, మోడెముల మీద ఎర్ర దీపాలు. 1999లో నా ప్రపంచం అంతే.

నేను చివ్వెంల దగ్గరి తండాలో పుట్టినవాణ్ణి. పేరు భద్రు. టెలిఫోను స్తంభాలు మోశాను, గుంతలు తవ్వాను, కూలి పెంచమని సమ్మె చేసి లాఠీలు తిన్నాను. నలభై దాటాక కంప్యూటరు నేర్చుకున్నాను. గొప్పకు చెప్పడం లేదు. లాఠీలు తిన్నవాడు కుర్చీ దొరికితే ఎలా మారతాడో చెబుతున్నాను.

ఆఫీసు ఇక్కడ, మిల్లు మిర్యాలగూడలో, గోదాం కోదాడలో. మూడు చోట్లా కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. మిల్లు కాంటా గదిలో నా చెల్లెలి కూతురు పుష్పాబాయి కూర్చునేది. లారీ తూకం ఆమె అక్కడ టైపు చేస్తే ఇక్కడ నాకు కనబడేది. ఖాళీ దొరికితే ఆమెకు కోదాడ గుమస్తా శంకర్‌తో తెర మీదే కబుర్లు. ఆ కబుర్లలోనే రెండు ఊళ్ల హమాలీలూ ఒకే రోజు పని ఆపాలని ఖాయమైంది.

అది మా యజమాని దామోదర్ చెవిన పడింది. నేరుగా నా గదికి వచ్చాడు.

"నీ మేనకోడలు లీడరైందట గద భద్రూ! దండ తెప్పించాల్నా?"

"చిన్న పిల్ల సార్. నేను సముదాయిస్త."

"నువ్వు చెప్తే ఇనేదుంటే గిట్లెందుకైతది? మూడు ఊళ్లను ఇడగొట్టు. మిర్యాలగూడ మాట కోదాడకు పోవద్దు, కోదాడది మిర్యాలగూడకు పోవద్దు. రెండిటిదీ నాకు మాత్రం రావాలె. అయితదా, లేక హైదరాబాద్ నుంచి మనిషిని పిలవాల్నా?"

"అయితది సార్."

అలా అన్నది నేనే. ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

రౌటరంటే ఏ మాట ఎటు పోవాలో చెప్పే పెట్టె. ఆ ఒక్క పెట్టెలో మూడు ఊళ్లకు మూడు వేరువేరు నెట్‌వర్కులు రాశాను. ఒక్కోదానికి ఒక్కో గేట్‌వే, అంటే మాట బయటికి పోయే గుమ్మం. మిర్యాలగూడకూ కోదాడకూ మధ్య దారి మూసేశాను. కాంటా గది నుంచి తూకం వచ్చింది. పని అయిపోయిందనుకుని టీ తాగడానికి పోయాను.

వచ్చేది చూశాను. పోయేది చూడలేదు. ఇక్కడి నుంచి మిర్యాలగూడకు పోవలసిన జవాబు ఏ గుమ్మం దాటాలో నేను రాయనే లేదు. దారి రాయని మాట ఏదైనా కోదాడ వైపు పోయేట్టు రౌటరులో పాత ఆదేశం ఒకటి అలాగే ఉండిపోయింది. కోదాడ చేరిన మాట అక్కడే చస్తుంది. ఎందుకంటే, అక్కడి దారి మూసింది నేనే.

సమ్మె రోజున హమాలీలు మిల్లు గేటు బయట కూర్చున్నారు. పుష్పాబాయి వాళ్లతో కలవకుండా దామోదర్ మనుషులు కాంటా గదికి బయట గొళ్లెం పెట్టారు. అక్కడి ఫోనుకు ముందే తాళం వేశారు. మధ్యాహ్నం మూడింటికి కాంటా గది పక్కనున్న ఊక కుప్ప అంటుకుంది. ఎలా అంటుకుందో ఎవరూ తేల్చలేదు.

నా తెర మీద అక్షరాలు వచ్చాయి. ఇంగ్లిషు అక్షరాల్లో మా తెలుగు.

"మామా, పొగ వస్తున్నది. తలుపు తీయమను."

ఫైర్ స్టేషనుకు ఫోన్ చేశాను. మిల్లుకు చేశాను, మేనేజరు గదిలో మోగి మోగి ఆగిపోయింది. వెంటనే టైపు చేశాను:

"అల్మారా వెనక కిటికీ ఉన్నది. రెండు చువ్వలు లెవ్వు. కేబుల్ కోసం నేనే కోసిన. అల్మారా నూకి దూకు."

ఆ కిటికీ సంగతి నాకొక్కడికే తెలుసు.

"మామా, సూస్తున్నవా?"

మళ్లీ పంపాను. మళ్లీ... మళ్లీ...

"మామా, కోపమొచ్చిందా? ఇగ సమ్మె మాట ఎత్తను. తలుపు తీయమను."

పదకొండు సార్లు పంపాను. పదకొండూ కోదాడకు పోయాయి.

"మామా"

అదే చివరిది. కీబోర్డు ముందే దొరికింది పిల్ల. అల్మారాకు నాలుగడుగుల దూరంలో. సాయంత్రం రౌటరు తెరిచి చూశాక నా తప్పు నాకు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. మరునాడు డ్యూటీకి కూడా వచ్చాను.

మిర్యాలగూడ లైను కోసేశారు. ఆ మోడెం పీకి బల్ల కింద పడేశాను. రౌటరులో ఆ ఊరి నెట్‌వర్క్ తుడిచేశాను.

జూన్ చివర్లో ఒక మధ్యాహ్నం విచారణాధికారులు వస్తున్నారని కబురొచ్చింది. పాత సందేశాలు నా చేత చెరిపించడానికి దామోదర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బయట వాన. కరెంటు పోయింది. బ్యాటరీల మీద తెర ఒక్కటే వెలుగుతోంది. ఏసీ ఆగిన గదిలో... కాలిన ఊక వాసన.

తెర మీద అక్షరాలు కదిలాయి.

"మామా, తలుపు తీయమను."

"పాతది గదా?" దామోదర్ గొంతు తగ్గించి అడిగాడు.

"కాదు సార్. ఇప్పుడొచ్చింది."

"దయ్యాలు గూడ నీ వైరు మీదనే తిరుగుతున్నయా?" నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "శంకర్‌గాని పని. సూడు ఎక్కడి నుంచొచ్చిందో."

చూశాను. కోదాడ కాదు. నేను తుడిచేసిన నెట్‌వర్క్. కాంటా గది నంబరు. ఆ కంప్యూటరు కరిగి ముద్దైపోయి ఉండడం మిల్లుకు పోయినప్పుడు నేను కళ్లారా చూశాను.

నా వేళ్లు వాటంతటవే పోయాయి. ఆ నాడు రాయని ఆదేశం ఇప్పుడు రాశాను. మిర్యాలగూడకు తిరుగు దారి. లైనే లేని ఊరికి గేట్‌వే. ఆ తర్వాత కిటికీ సంగతి టైపు చేసి పంపాను.

"వద్దురా," అన్నాడు దామోదర్. "జవాబియ్యకు..."

వాన చప్పుడు. తర్వాత...

"గిప్పుడు చెప్తున్నవా మామా?"

కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.

"కిటికీ దొరికింది. కేబుల్ పట్టుకుని వస్తున్న."

మాట ఎన్ని గుమ్మాలు దాటి వస్తోందో చూపించే కమాండ్ ఒకటుంది. అది కొట్టాను. మధ్యలో రెండు గేట్‌వేలు. ఇంకోసారి కొట్టాను. ఒకటి. దామోదర్ నా భుజం పట్టుకున్నాడు. మళ్లీ కొట్టాను.

మధ్యలో ఏమీ లేదు. ఈ గదిలోనే. ఈ వైరు మీదే.

"సారు నీ పక్కనే ఉన్నడు గదా మామా?"

కుర్చీ కిందపడింది. దామోదర్ మెట్లు దిగి పరుగెత్తాడు. కారు కోదాడ రోడ్డు పట్టిన చప్పుడు విన్నాను. నేను ఆపలేదు. జాగ్రత్త అని కూడా అనలేదు.

వైర్లన్నీ కలిపే చిన్న పెట్టెను హబ్ అంటాం. దాని మీద ఒక్కో రంధ్రానికి ఒక్కో పచ్చ దీపం. వైర్లన్నీ పీకేశాను. కరెంటు తీగ కూడా పీకేశాను. ఖాళీ రంధ్రం ఒకదాని మీద దీపం వెలుగుతూనే ఉంది. రాత్రంతా దాని ముందే కూర్చున్నాను.

దామోదర్ కారు తెల్లవారి మునగాల దాటాక రోడ్డు పక్కన దొరికింది. ఇంజను నడుస్తోంది. నాలుగు తలుపులకూ లోపలి నుంచి లాకు. లోపల మనిషి లేడు. ఇప్పటికీ దొరకలేదు.

ఆ కబురు నాకు చేరేసరికి హబ్ మీద రెండో ఖాళీ రంధ్రం వెలిగింది. మొదటిదానిలా నిదానంగా కాదు. క్షణం ఆగకుండా కొట్టుకుంటోంది, ఎవరో రెండు చేతులతో గబగబా టైపు చేస్తున్నట్టు.

అందులో ఏముందో చదవాలంటే ఒక వైరు తగిలిస్తే చాలు.

నేను తగిలించలేదు.