గెస్ట్ మోడ్‌లో నాన్నగారు

"మీ లాప్‌టాప్ అంత తేలిగ్గా ఎందుకుందో తెలుసా? లోపల ఏమీ లేదు కాబట్టి!" అందామె.

"మీదాంట్లో మాత్రం ఏముందండీ? రెండూ క్లౌడ్ మీద బతికేవేగా!" అన్నాడతను.

లైబ్రరీ హాల్లో పక్కపక్క టేబుళ్ళు. ఒకదాని మీద అతని కంపెనీ బూడిదరంగు చిన్న లాప్‌టాప్‌లు పది. రెండోదాని మీద ఆమె కంపెనీ నీలంరంగువి పది. రెండింట్లోనూ నడిచేవి తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్‌లే. రాసుకున్నదీ దాచుకున్నదీ మెషీన్‌లో కాక, ఎక్కడో కంపెనీ సర్వర్లలో ఉంటుంది. నెల రోజులు పాఠకులు రెండూ వాడి చూస్తారు. ఆ తర్వాత లైబ్రేరియన్ గారు రెండొందల మెషీన్లకు ఎవరో ఒకరికి ఆర్డర్ ఇస్తారు.

అతని దగ్గరో బ్రహ్మాస్త్రం ఉంది. అడిగినా అడక్కపోయినా ఒక మెషీన్ అందుకుని, నలుగురి ముందూ మొత్తం తుడిచేసి, రెండు నిమిషాల్లో మళ్ళీ లాగిన్ అయ్యేవాడు. "చూశారా! అన్నీ ఎక్కడివక్కడే!" అనేవాడు. దాంతో లైబ్రరీలో అతని పేరే 'రెండు నిమిషాలు' అయిపోయింది.

ఆమె నవ్వేది కాదు. నవ్వు ఆపుకోలేనప్పుడు కిటికీ వైపు తిరిగేది. బయట వాన ముసురు పట్టిన రోజుల్లో ఆ నవ్వు అద్దంలో కనిపించేది. అందుకే అతనికి వానంటే కొత్తగా ఇష్టం పుట్టింది.

మూల కుర్చీలో రోజూ ఒక పెద్దాయన కూర్చునేవాడు. రిటైరైన దర్జీ. ఎప్పుడూ అదే బూడిదరంగు మెషీన్. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటివేలితో ఏదో కొట్టుకుని, మూత వేసి వెళ్ళిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం టీచర్లు పాతికమంది వచ్చారు. 'రెండు నిమిషాలు' మంచి ఊపు మీదున్నాడు. చేతికందిన మూల మెషీన్ తీసుకుని తుడిచేశాడు. చప్పట్లు మోగాయి.

మర్నాడు పెద్దాయన మూత తీసి అటూ ఇటూ చూశాడు.

"బాబూ, నేను రాసుకున్నవి కనపడట్లేదు."

"మీ లాగిన్ చెప్పండి సార్. రెండు నిమిషాలు!"

"లాగినా? అవన్నీ నాకు తెలీవు. గెస్ట్ అని ఉంది. నేనూ గెస్టునే కదా అని నొక్కాను."

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. లాగిన్ లేకుండా వాడే గెస్ట్ మోడ్‌లో రాసింది ఏ సర్వర్‌కీ చేరదు. ఎనిమిది రోజులుగా ఆయన మెషీన్ ఆపకుండా ఉత్తి మూత మాత్రమే వేస్తున్నాడు కాబట్టి ఇన్నాళ్ళూ బతికింది. తుడిస్తే ఇక లేనట్టే.

"ఏం రాశారండీ?" అడిగాడతను.

"మా ఆవిడ మాటలు. పోయి నాలుగేళ్ళయింది. ఎప్పుడేమనేదో గుర్తొచ్చినవన్నీ. నలభై దాకా అయ్యాయి."

నీలం టేబుల్ వెనక కుర్చీ కిర్రుమంది. "నాన్నా!" అంటూ ఆమె వచ్చింది. తర్వాత అతని వైపు తిరిగింది. "నా టేబుల్ దగ్గర కూర్చుంటే సొంతవాళ్ళని పోగేసిందంటారని అక్కడ కూర్చోమన్నది నేనే. తుడిచేముందు ఒక్కసారి చూడాలనిపించలేదా మీకు?"

"లేదండీ. పోదన్న ధీమా."

ఆమె వెళ్ళి తండ్రి కుర్చీ పక్కన నిలబడింది.

సంజాయిషీలు చెప్పుకుంటూ నిలబడలేదతను. కుర్చీ లాక్కుని పెద్దాయన పక్కన కూర్చున్నాడు. "మీరు మళ్ళీ చెప్పండి సార్, నేను కొడతాను. ఎన్ని రోజులైనా సరే." తల తిప్పకుండానే ఆమెతో అన్నాడు: "మీ మెషీన్ ఒకటి ఇస్తారా? గెస్ట్ మోడ్‌లో రాసింది తుడిచేముందు మీది ఆపి, 'పోయినా సరేనా?' అని అడుగుతుంది. మాది అడగదు."

ఆమె నీలం మెషీన్ తెచ్చి పెట్టి, తండ్రి పేరు మీద అకౌంట్ తెరిచింది.

ఆ రోజు నుంచి భోజనాల వేళంతా అదే పని.

"నేను కొలతలు తప్పు రాస్తే, 'ఈ చొక్కాకి తగ్గ మనిషిని కూడా నువ్వే వెతుక్కో' అనేది."

అతనికి నవ్వొచ్చి అక్షరాలు తప్పాయి. వెనకనుంచి ఆమె వేలు వచ్చి దిద్దింది.

"వానొస్తే ఏమనేవారండీ?" అడిగాడతను.

"ఆ! 'కస్టమర్ల బట్టలైతే పరిగెత్తుకెళ్ళి తీస్తావు, మనవి తడిస్తే మాత్రం వానని తిడతావు' అనేది. ఇది మొన్న గుర్తే రాలేదు సుమా!"

అయిదో రోజుకి అరవై మూడయ్యాయి. వినేవాళ్ళుంటే ఆవిడ తనంతట తనే వచ్చి చెబుతున్నట్టుందన్నాడు పెద్దాయన. ఆ మాటకి ఆమె అతని వైపు చూసింది. కోపం లేదు.

నెలాఖరున ఇద్దరూ రిపోర్టులిచ్చారు. అతను మొదటి వాక్యంలోనే రాశాడు, తన మెషీన్ హెచ్చరించకుండా తుడిచేస్తుందని. లైబ్రేరియన్ గారు కళ్ళజోడు తీసి, "ఇది మీరు రాయకపోతే నాకు తెలిసేది కాదు," అన్నారు.

"అందుకే రాశానండీ."

ఆర్డర్ నీలానికి వెళ్ళింది.

అతను మెషీన్లు అట్టపెట్టెల్లో సర్దుతుంటే ఆమె వచ్చి టేపు అందించింది.

"మీ మేనేజర్ ఏమన్నారు?"

"గంటసేపు తిట్టి, హెచ్చరిక పెద్ద అక్షరాల్లో పెట్టమన్నాడు. వచ్చే ఏడు మీరు జాగ్రత్తగా ఉండండి. ఈసారి గెలిచేది నేనే!"

"ఓడిపోయీ ఇంత ధైర్యమా?"

"అసలు ధైర్యం ఇంకా చూపించలేదు." టేపు పక్కన పెట్టాడు. "మీరంటే నాకిష్టం. ఆర్డర్ తేలకముందు చెబితే బాగుండదని ఆగాను."

"నేనూ అందుకే ఆగాను," అందామె, పెట్టెకి అవతలివైపు పట్టుకుంటూ.

అప్పుడే పెద్దాయన గుమ్మంలోకి వచ్చాడు. "అబ్బాయ్, ఇంకోటి గుర్తొచ్చింది. పెళ్ళిచూపులనాడు నా పని సంగతి అడిగి, 'తప్పు కుడితే విప్పి మళ్ళీ కుడతాడా, ఇస్త్రీ చేసి కప్పిపెడతాడా?' అంది మా ఆవిడ. విప్పుతానన్నాను. సరేనంది." పెట్టెకి చెరోవైపు ఉన్న ఇద్దర్నీ ఒకసారి చూశాడు. "ఆదివారం ఇంటికి రా. మా అమ్మాయి చిన్నప్పటి మాటలు ఇంకా మొదలే పెట్టలేదు."

"నాన్నా! అవి మాత్రం వద్దు!"

"ఎన్ని రోజులు పడుతుందంటారు, మావగారూ?" అనేశాడతను.

ఆ పిలుపు ముగ్గురికీ స్పష్టంగా వినిపించింది. ఎవరూ దిద్దలేదు.