మూడు దెబ్బల తర్వాత

భర్త నిద్ర లేవకముందే ఇంట్లో విసరడానికి వీలైనవన్నీ దాచెయ్యడం ఆమెకు ఇరవై రెండేళ్ల అలవాటు. ఆ రోజు కూడా పాలు పొయ్యి మీద పెట్టేముందే కూరగాయల కత్తి, ఇస్త్రీపెట్టె, మేకులు కొట్టే సుత్తి, బట్టలు కత్తిరించే కత్తెర, బరువైన గాజు కూజా ఒక్కొక్కటే తెచ్చి మాసిన బట్టల బుట్టలో అడుక్కి తోసింది. ఏది తగిలితే ఎంత వాపు వస్తుందో, ఏ మచ్చ ఎన్నాళ్లు ఉంటుందో ఆమెకు కంఠతా వచ్చు. ఆయన పనిసంచీ జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. లారీలు బాగుచేసే మనిషి, ఆ పనిముట్లే కదా అన్నం పెడుతున్నాయని.

“అమ్మా, ఇలా రా. ఆఖరిసారి ఒక్కసారి ఆడిపో,” ముందుగదిలోంచి కూతురు కేకేసింది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని పిచ్చుక అన్నారు. ఇరవై ఏళ్లు నిండినా అదే పేరు నిలిచిపోయింది.

“పొయ్యి మీద పాలున్నాయే. పొంగాయంటే ఇల్లు అంటుకుంటుంది.”

“పాలు పొంగితే ఇల్లెలా అంటుకుంటుందమ్మా?”

“పాలు పొంగి మంట ఆరుతుంది. గ్యాస్ నిండుతుంది. నువ్వొచ్చి లైటు వేస్తావు. అంతే, రేపు మనిద్దరం పేపర్లో.”

పిచ్చుక పడీ పడీ నవ్వింది. “పొయ్యి కట్టేసి రావే తల్లీ!”

బయటికి రాబోయే కంప్యూటర్ ఆటల్ని ముందే ఆడి చూసి, అందులో బాగున్నవేమిటో, బాగాలేనివేమిటో రాసి పంపడం పిచ్చుక పని. తండ్రికి చెప్పకుండా ఫోన్ల షాపులో ఉద్యోగం మానేసి నెల రోజులుగా ఇదే చేస్తోంది. ఎప్పుడూ ఆటాడని మనిషి ఒకరితో కూడా ఆడించి, ఆ మనిషి మాట కూడా రాయమంది కంపెనీ. అందుకని నెలగా మధ్యాహ్నాలు కుట్టుమిషను ఆపి తల్లి కూడా ఆడుతోంది. ఈ నెల పరీక్ష ఈ రోజుతో సరి. సాయంత్రం నాలుగింటికల్లా రిపోర్టు వెళ్లి, అది వాళ్లకు నచ్చితే ఉద్యోగం ఖాయం.

ఆట అంతా ఆకాశంలోనే. గుండ్రటి గాజు టోపీ పెట్టుకున్న ఒక బుల్లి మనిషి గ్రహం మీంచి గ్రహానికి, రాయి మీంచి రాయికి గెంతుతూ ఇంటికి చేరాలి. తల్లి వాడికి ‘డబ్బాతలోడు’ అని పేరు పెట్టింది. ఒక్కో గ్రహం మీద వాడి బరువు ఒక్కో రకం. ఒకచోట దూదిపింజలా తేలుతాడు, ఒకచోట తడి బస్తాలా దబ్బున పడతాడు. ఆ గెంతు తేడా వేళ్లకి తెలిసినప్పుడల్లా ఆమెకు చిన్నపిల్లలా ఒళ్లు పులకరించేది.

మూడో గ్రహం మీద సుత్తి రాక్షసుడు ఉంటాడు. వాణ్ని చూడగానే ఆమె డబ్బాతలోణ్ని గబగబా ఒక రాయి చాటుకి తీసుకుపోయి కూర్చోబెట్టేసింది, ఎప్పట్లాగే.

“అమ్మా! ఎంతసేపే అలా? వాడు మూడుసార్లు కొడతాడు. మూడో దెబ్బకి ఆయాసం వచ్చి ఆగుతాడు. అప్పుడు దాటాలి.”

“ఆగినట్టు నటిస్తాడేమో? దాటబోతే వెనకనుంచి ఒక్కటిచ్చాడంటే?”

“నటించడమ్మా. వాడికంత తెలివి పెట్టలేదు.”

“నీకేం తెలుసు రాక్షసుల సంగతి?” అందామె, తెర మీంచి చూపు తిప్పకుండా.

అంతలో పడగ్గది తలుపు తెరుచుకుంది. ఆమె చేతిలోని ఆట కంట్రోలర్ పిచ్చుక ఒళ్లోకి వచ్చి పడింది.

ఆయన ముఖం కూడా కడుక్కోలేదు. భుజాన పనిసంచీ. తిన్నగా కూతురి కుర్చీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“ఏమే, షాపు మానేశావట?”

పిచ్చుక ముఖం పాలిపోయింది. “ఎవరు చెప్పారు నాన్నా?”

“ఎవరు చెబితే ఏంటే? ఊరూ పేరూ లేని కంపెనీ వాడు ఇంట్లో కూర్చుని ఆటలాడుకో, జీతం ఇస్తానంటాడూ, నువ్వు నమ్ముతావూ! నా ఇంట్లో నాకు తెలీకుండా నాటకాలా?”

“నాటకం కాదు, ఉద్యోగం. మొదటి జీతం చూపిస్తా...”

చెంప మీద పడిన దెబ్బకి పిచ్చుక కుర్చీతో సహా ఒరిగిపోయింది. ఇంతకు ముందైతే ఏడ్చి ఊరుకునేది. ఈసారి లేస్తూనే చేతిలోని కంట్రోలర్‌ని విసిరికొట్టింది. అది ఆయన కనుబొమ్మ మీద తగిలింది. చిట్లిన చోటునుంచి రక్తం కంట్లోకి కారింది. ఆయన తుడుచుకుని అరచెయ్యి చూసుకున్నాడు. తర్వాత సంచీలో చెయ్యిపెట్టి లారీ నట్లు విప్పే పెద్ద పానా తీశాడు.

ఇంట్లో అన్నీ దాచింది ఆమె. దీన్ని దాచలేదు.

మొదటి దెబ్బ కంప్యూటర్ తెర మీద పడింది. ఆకాశం, గ్రహాలు, డబ్బాతలోడు అన్నీ గాజుపెంకులై నేల మీద రాలాయి. రెండో దెబ్బకి పెట్టె సొట్టపడి వైర్లు బయటికొచ్చాయి. మూడోది పిచ్చుక కోసమే లేచింది. పిల్ల తలకి అడ్డంగా కుడిచెయ్యి పెట్టింది. టక్కుమన్న చప్పుడు తల్లి గుండెలో వినిపించింది.  పిచ్చుక ఆ చెయ్యి ఒళ్లో అదుముకుని ముడుచుకుపోయింది.

తల్లి ఎక్కడుంది? బీరువాకీ గోడకీ మధ్య సందులో. ఎప్పుడూ ఉండే చోటే.

ఆయన కుడిభుజం కిందికి జారింది. ఎగశ్వాసతో గోడకి చెయ్యి ఆనించాడు. లారీల కింద పడుకుని పడుకుని ఆ భుజం చెడింది. మూడు దెబ్బలు కొడితే పట్టేస్తుంది. ఆ సంగతి ప్రపంచంలో ఆమె ఒక్కదానికే తెలుసు. ఇరవై రెండేళ్లుగా ఆయన ఆగిన ఆ కాస్త సేపట్లో ఆమె చేసే పని ఒకటే: గ్లాసుడు నీళ్లు తెచ్చి చేతికివ్వడం. నీళ్లు తాగి, సత్తువ తెచ్చుకుని, ఆయన నాలుగో దెబ్బ కొట్టేవాడు.

ఆమె సందులోంచి బయటికొచ్చింది. నీళ్ల వైపు పోలేదు. గాజుపెంకులు పాదాల్లో దిగుతున్నా నడిచి, సడలిన ఆ వేళ్లలోంచి పానా లాగేసుకుంది. అది ఇంత బరువుంటుందని ఆమెకు తెలియదు. రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

“బయటికి నడవండి.”

“ఏంటే?”

“నడవండి అన్నాను! ఇంకో అడుగు పిల్ల వైపు వేశారంటే ఆ భుజం మీదే దించుతాను. ఎక్కడ కొడితే పడిపోతారో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.”

పానా కిందికి దిగలేదు. ఆయన ఆమెను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూస్తూ గడప దాటాడు. ఆమె తలుపేసి గడియ పెట్టింది. మరుక్షణం తలుపు మీద తన్నులు, బూతులు. ఎదురింటి నర్సు వచ్చి, “ఇంకొక్కసారి తన్నావంటే పోలీసులకి ఫోన్ చేస్తానయ్యా,” అన్నాక అడుగుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

గడియ తీశాక నర్సు లోపలికొచ్చి పిచ్చుక మణికట్టుకి అట్టముక్క ఆనించి కట్టు కట్టి, తల్లి పాదాల్లోంచి పెంకులు తీసింది. “విరిగినట్టే ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్తా పద,” అంది. నాలుగింటి దాకా కదిలేది లేదంది పిచ్చుక. నర్సు తిట్టుకుంటూ నొప్పి మాత్ర వేసి, నాలుగింటికి వస్తానని వెళ్లింది.

“నాన్నకి చెప్పింది నువ్వేనా?” పిచ్చుక తల ఎత్తకుండా అడిగింది.

అబద్ధం నోటిదాకా వచ్చింది. “నేనే,” అందామె. “నిన్న అన్నం పెడుతూ. ఆ కంపెనీ మంచిదో కాదో కనుక్కోమన్నాను. నిన్ను ఎవరైనా మోసం చేస్తారేమోనని...”

“బయటెవరో ఏదో చేస్తారని భయపడి ఈయనకి అప్పజెప్పావా? నన్ను కొట్టిన ప్రతిసారీ నువ్వు ఆ సందులో ఉన్నావమ్మా. ప్రతిసారీ! చిన్నప్పుడు నిన్నే చూసేదాన్ని, వస్తావేమోనని.”

ఆమె ఏడవలేదు. ఏడిస్తే పిల్లే మళ్లీ తనను ఓదారుస్తుంది. అది కూడా అలవాటే. కూతురి ఫోన్ తీసుకుని కళ్లజోడు పెట్టుకుంది. “నువ్వు చెప్పు. నేను కొడతాను.”

చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. బాగున్నవి: గ్రహానికో రకంగా మారే గెంతు. ఎంత లోతుకి పడినా మొదటికి పోకుండా దారిలో ఆఖరున వెలిగించిన దీపం దగ్గరే లేవడం. బాగాలేనివి: అక్షరాలు మరీ చిన్నవి. దూకేముందు కిందికి చూసే వీలు లేదు. నాలుగో గ్రహం అనవసరంగా సాగింది.

“కొత్తవాళ్ల మాట అని ఒక గడి ఉంటుంది. అది నీది,” అంది పిచ్చుక, ఇంకా గోడ వైపే చూస్తూ.

ఆమె చాలాసేపు కొట్టింది. పిచ్చుక ఒంగి చూసింది.

“రాక్షసుడి దగ్గరున్న రాయి పెద్ద లోపం. దాని చాటున ఎంతసేపైనా కూర్చోనిస్తారు. అక్కడ దెబ్బ తగలదు కాబట్టి క్షేమంగా ఉన్నామనుకుంటాం. ఆట మాత్రం అక్కడే ఆగిపోతుంది. నాలాంటివాళ్లు లేవరు. ఆ రాయి తీసెయ్యండి.”

పిచ్చుక ఎడమచేత్తో నోరు నొక్కుకుంది. తర్వాత తల్లి ఒళ్లో తల పెట్టి, ఆ ఇంట్లో ఎన్నడూ ఏడవనంత గట్టిగా ఏడ్చింది. “తప్పైపోయిందే నా తల్లీ,” అంటూ ఆమె కూడా అప్పుడు ఏడ్చింది. రిపోర్టు నాలుగుకి పది నిమిషాల ముందు వెళ్లింది.

ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఫోన్లో రెండు ముక్కల జవాబు ఉంది: నచ్చింది, సోమవారం నుంచి రెండో ఆట. గడియ పెట్టి కూర్చున్నారో లేదో తలుపు మీద మెల్లగా చప్పుడైంది.

“ఏమే... పిల్ల చెయ్యి ఎలా ఉంది? తలుపు తియ్యవే.” ఆయన గొంతులో ఏడుపు. అది కూడా ఆమె ఇరవై రెండేళ్లుగా విన్నదే.

“విరిగింది,” అందామె లోపలినుంచి. “మీ అన్నయ్యగారింటికి వెళ్లండి. మాట్లాడాలంటే ఆయన్ని వెంటబెట్టుకుని పగలు రండి. తలుపు తియ్యాలో వద్దో అప్పుడు పిల్ల చెబుతుంది.”

అడుగులు చాలాసేపటికి దూరమయ్యాయి. ఆమె మాసిన బట్టల బుట్ట ముందు కూలబడి ఒక్కొక్కటే బయటికి తీసింది. కత్తి వంటగట్టు మీదికి, ఇస్త్రీపెట్టె బల్ల మీదికి, సుత్తి అలమరలోకి, కూజా కిటికీలోకి చేరాయి. కత్తెరని కుట్టుమిషను మీద, చేతికందేచోట పెట్టి, రేపు పొద్దున దాన్ని దాచే పని లేదని రెండుసార్లు తనకు తానే చెప్పుకుంది.