ఏడో నంబరు రిమార్కు

ధబ్‌మని నేల అదిరింది.

మణిదీప్ లాప్‌టాప్ మీంచి తలెత్తాడు. ఆఫీసు గది మధ్యలో జీడిపిక్కల బస్తా. దాని పక్కన రొప్పుతూ ఆటో సన్యాసయ్య. అతని వెనక, చున్నీ నడుముకి బిగించి కట్టుకున్న ఓ అమ్మాయి.

"ఏడో నంబరు తప్పులు రాత్తందని తిరగ్గొడతన్నది మీరేనేటి?"

"మీరు..."

"నానే ఏడో నంబరుని. దుర్గ. ఎనిమిది ఫారాలు తిరగ్గొట్టీసినారు. ఈ బస్తా ఎత్తండి."

"ఎందుకండీ?"

"ఎత్తండి సారూ. మీ పుస్తకంలో బస్తా అంటే యాభై కేజీలే కదా. ఎత్తలేరేటి?"

మణిదీప్ వంగి బస్తా చెవులు రెండూ పట్టుకుని లాగాడు. బస్తా కదల్లేదు. అతని నడుము మాత్రం కటుక్కుమంది. సన్యాసయ్య నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఎనభై," అంది దుర్గ. "మా ఉద్దానంలో పిక్కల బస్తా అంటే ఎనభై కేజీలు. పది బస్తాలు, ఎనిమిది వందల కేజీలు అని నాను రాత్తే, ఐదొందలే అవ్వాలని మీ కంప్యూటరు ఎర్రగీత గీసీసింది. రైతేమో నాను తప్పు రాసినానంటాడు. మీరేమో తప్పు రాసినానంటారు. నాను ఎవులికి సమాధానం సెప్పాల?"

మణిదీప్ నడుము పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. తప్పు ఆమెది కాదు. ఇండియా, నేపాల్, ఘనా, టాంజానియా, కంబోడియా - ఐదు దేశాలు పంటల లెక్క ఒకే పద్ధతిలో రాయాలని అనుకున్నాయి. ఒకరి అంకె పక్కన ఇంకొకరి అంకె పెట్టి పోల్చుకోవాలంటే కొలతలు ఒకటే ఉండాలి కదా! అందుకని ఒక పుస్తకం వేశారు. అందులో బస్తా అంటే యాభై కేజీలు. ఆ ప్రయోగానికి పలాస సెంటర్ సూపర్‌వైజర్ మణిదీప్. ఊరూరా తిరిగి రాసే పన్నెండు మంది ఎన్యూమరేటర్లలో ఏడో నంబరు దుర్గ.

"అయితే పుస్తకం మార్చీండి."

"నేను మార్చలేనండీ. ఇక్కణ్ణించి ఢిల్లీకి రాయాలి. వాళ్లు సమన్వయ కమిటీకి పంపాలి. ఐదు దేశాలూ ఒప్పుకుంటే అప్పుడు..."

"ఓలమ్మో! ఒక బస్తా బరువు సెప్పడానికి ఐదు దేశాలు కూర్సోవాలేటి?"

"కూర్చోవడమే కష్టం. ఘనాలో తెల్లారేసరికి మనకి భోజనాల వేళ."

దుర్గ ఫక్కున నవ్వింది. మణిదీప్ కూడా నవ్వాడు. నవ్వాక, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

పలాసని ఆనుకున్న కాశీబుగ్గకి వచ్చి అప్పటికి అయిదు నెలలు. జీడిపప్పు కొట్టు మీద అద్దె గది. సొంతూరు నంద్యాల. అక్కడున్న అన్నా వదినా పండక్కోసారి ఫోన్ చేస్తారు. వారానికో వీడియో మీటింగు. నేపాల్ ఆఫీసర్‌కి జలుబు చేసిన సంగతి తెలుసు, ఘనా ఆఫీసర్ కూతురి పెళ్లయిన సంగతీ తెలుసు. కానీ రోజూ టీ తాగే బడ్డీవాడికి ఇతని పేరు తెలీదు. 'లెక్కల సారు' అంటాడు. ఆదివారాలైతే ఆ మాట అనేవాళ్లు కూడా ఉండరు.

ఆ సాయంత్రమే ఢిల్లీకి ఉత్తరం రాశాడు. ఎనిమిది ఫారాలూ ఆమోదించాడు.

మర్నాడు నాలుగు గంటలకి లాప్‌టాప్‌లోకి ఫారాలొచ్చాయి. ఏడో నంబరు ఫారం అడుగున, ఎప్పుడూ ఖాళీగా ఉండే రిమార్కుల గడిలో ఒక వాక్యం.

'ఈ ఇంటి తాతకి సెవుడు. మూడుసార్లు అరిసినాను. నా గొంతు పోయింది. దీనికి మీ పుస్తకంలో గడి నేదు.'

మణిదీప్ దాని కింద టైపు చేశాడు. 'మిరియాల పాలు తాగండి. దీనికీ గడి లేదు.'

అలా మొదలైంది.

'ఈ తోటలో జీడి, కొబ్బరి, పనస, మామిడి, అరటి ఉన్నాయి. ఒకే పంట రాయమంటారు. దేన్ని సంపీమంటారు?'

'దేన్నీ చంపకండి. అన్నీ రాయండి. కమిటీ చేత నేను తిట్లు తింటాను.'

'ఈ రోజు వాన. జీడిచెట్టు కింద నిలబడ్డాను. సెట్టు కన్నా నానే ఎక్కువ తడిసినాను.'

'గొడుగు కొనుక్కోండి.'

'కొనిచ్చీండి.'

ఆ చివరి మాట దగ్గర మణిదీప్ పావుగంట ఆగిపోయాడు. ఏం టైపు చెయ్యాలో తోచక, 'నోటెడ్' అని పంపాడు. తర్వాత తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మర్నాడు వచ్చిన రిమార్కు: 'నోటెడ్ అంటే ఏటి సారూ? గొడుగుల్లో అది కొత్త కంపెనీయా?'

రోజంతా నాలుగు గంటల కోసమే గడిచేది. ఆరు దాటితే మళ్లీ ఆ గది, ఆ ఫ్యాను, కింద కొట్టులోంచి వేయించిన పప్పు వాసన.

రెండు నెలలకి కమిటీ కదిలింది. ప్రతి చోటా ముందు అక్కడి బస్తా తూచాకే లెక్క మొదలుపెట్టాలని పుస్తకం మార్చారు. ఆ సోమవారం మణిదీప్‌కి ఒక ఉత్తరం వచ్చింది. ఒకసారి చదివాడు. కుర్చీలో వెనక్కి వాలి మళ్లీ చదివాడు.

'ఈ ప్రశ్న లేవనెత్తిన ఎన్యూమరేటర్‌ని ఘనాకి పంపండి. అక్కడి జీడితోటల్లో లెక్క రాసేవాళ్లకి శిక్షణ ఇవ్వాలి. ఆరు నెలలు. శుక్రవారం సాయంత్రం ఐదు లోపు ఆమె అంగీకారపత్రం అందకపోతే వేరే దేశం వారికి అవకాశం ఇస్తాం.'

చెప్పాల్సింది ఒక్క ముక్క. ఫోన్ చేతిలోనే ఉంది.

సోమవారం చెప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాడు. మంగళవారం ఆమె పనసకాయ గురించి రాసింది. చదివి నవ్వుకున్నాడు, చెప్పలేదు. బుధ, గురువారాలూ అంతే. ఎవరికీ తెలీదు. ఐదు దాటితే ఉత్తరం తనంతట తనే చచ్చిపోతుంది. దుర్గ ఇక్కడే ఉంటుంది. నాలుగు గంటలకి ఫారాలు వస్తాయి.

శుక్రవారం ఆమె ఫారం పావుగంట ముందే వచ్చింది.

'ఈ రైతు చెట్లు తక్కువ సెప్పినాడు. బయపడతన్నాడు. దాసకు మావా, దాసింది లెక్కలోకి రాదు అని కూర్సోబెట్టి సెప్పినాను. అప్పుడు నిజం రాయించినాడు.'

మణిదీప్ లేచి బైకు తాళం తీసుకున్నాడు.

వజ్రపుకొత్తూరు రోడ్డు. రెండువైపులా జీడితోటలు. నాలుగూ ఇరవైకి ఆమె కనబడింది, ఒక తోట గట్టు మీద టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని.

"గొడుగు తెచ్చినారేటి?" అంది నవ్వుతూ. అతని మొహం చూసి నవ్వు ఆపేసింది.

ఉత్తరం చేతికిచ్చాడు. చదివింది. పైనున్న తేదీ దగ్గర వేలు ఆగింది.

"సోమారం వచ్చినాది."

"అవును."

"ఈ రోజు శుక్రారం."

"అవును."

"నాలుగు రోజులు ఎక్కడుంది ఇది?"

"నా దగ్గర. దాచాను."

"ఏల?"

"మీరు వెళ్లిపోతే నాకు మాట్లాడేవాళ్లుండరు."

దుర్గ లేచి నిలబడింది. కళ్లు ఎర్రబడ్డాయి. "మా ఊర్లో పాస్‌పోర్టు నేని ఇల్లు నేదు సారూ. అందరూ కూలికెళ్తారు. ఎవులూ నేర్పడానికి ఎళ్లనేదు. మీకు మాటలు కావాలని నా బతుకు సొరుగులో పెట్టీసినారా?"

అతను అంగీకారపత్రం ఆమె టాబ్లెట్‌లో తెరిచాడు.

ఆమె టాబ్లెట్ మీదే సంతకం చేసింది. నాలుగూ నలభై ఎనిమిదికి పంపాడు. 'అందింది' అని జవాబొచ్చేదాకా ఇద్దరూ చెరో గట్టు మీద కూర్చున్నారు. ఆ తర్వాత ఆమె టాబ్లెట్ చంకన పెట్టుకుని నడిచి వెళ్లిపోయింది.

వీసా రావడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ ఏడో నంబరు ఫారాలు నాలుగు గంటలకి ఠంచనుగా వచ్చాయి. ఒక్క తప్పు లేదు. రిమార్కుల గడిలో రోజూ ఒకటే మాట: 'లేవు.'

క్షమించమని అతను అందులో టైపు చేసేవాడు. చెరిపేసేవాడు. అది క్షమాపణ అడిగే చోటు కాదనిపించేది.

ఆమె బయల్దేరే రోజు పొద్దున్నే పలాస స్టేషన్‌కి వెళ్లాడు. హైదరాబాద్ బండి ఇంకా రాలేదు. బెంచీ మీద దుర్గ, పక్కన ఆమె తల్లి; ఆవిడ పేరే పెద్దతల్లి. ఆవిడ కాశీబుగ్గలో జీడిపప్పు బట్టీలో పని చేస్తుంది. పిక్కలు కొట్టీ కొట్టీ వేళ్లు నల్లబడిపోయాయి.

"ఎవులు రమ్మన్నారు?" అంది దుర్గ.

"ఎవరూ రమ్మనలేదు."

"అమ్మా, ఈయనే. ఉత్తరం దాసీసినాయన."

పెద్దతల్లి అతన్ని కింది నుంచి పైకి చూసింది. "ఇంత బక్కగున్నాడేటే?" అని మాత్రం అంది. తర్వాత మంచినీళ్ల సీసా పట్టుకుని కుళాయి వైపు వెళ్లింది. సీసా సగానికి పైగా నిండే ఉంది.

"ఒకటి అడుగుతాను," అంది దుర్గ. "ఇంకాసేపు ఊరుకుంటే గడువు అయిపోయీది. ఎవులికీ తెలిసీది కాదు. ఏల సెప్పీసినారు?"

"ఊరుకుంటే మీరు ఇక్కడే ఉండేవారు. మీకు తెలీకుండా ఉండేవారు. అలా ఉంటే నా దగ్గర ఉన్నట్టు కాదు."

ఆమె రైలు పట్టాల వంక చూసింది. "మరి ఉండమని అడగొచ్చు కదా."

"అడిగితే ఉంటారా?"

"ఉండను."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఐదు వారాల తర్వాత.

"మీరంటే నాకిష్టం దుర్గా," అన్నాడు మణిదీప్. 'గారు' అనడం మర్చిపోయాడు. "ఆ రోజే చెప్పాల్సింది. ఉత్తరంతో పాటు."

"నాకింకా కోపం పోనేదు."

"తెలుసు."

"ఆరు నెలల్లో పోతాదో నేదో సూడాల. ఈలోగా రోజూ ఫోన్ సెయ్యకండి. కోపం బేగి పోతాది."

"వారానికోసారి?"

"రెండుసార్లు," అని ఆమె మొహం అటు తిప్పేసుకుంది.

బండి వచ్చింది. సామాను ఎక్కించాడు. పెద్దతల్లి కిటికీ దగ్గర నిలబడి కూతురి చెయ్యి పట్టుకుంది. "ఓడలో మా బట్టీకొచ్చే ఘనా పిక్కలు ఇరవై ఏళ్లుగా కొడతన్నాను. ఆ చెట్టు ఎలగుంటాదో సూసి సెప్పవే," అంది. ఏడవలేదు. దుర్గే ఏడ్చింది.

చివరి పెట్టె దాటిపోయింది. ప్లాట్‌ఫారం మీద ఇద్దరు మిగిలారు.

"బాబూ," అంది పెద్దతల్లి. "ఆదోరం మా ఊరొచ్చీ."

"ఎందుకండీ?"

"ఎందుకేటి? తిండానికి. దుర్గ నాన్న గుజరాత్ బోట్ల మీద సేపల ఏటకెళ్లి ఎనిమిది నెలలాయె. ఇద్దరికి వండడం అలవాటైపోనాది. ఒక్కదానికని బియ్యం పోత్తే సెయ్యి ఆగదు."

మణిదీప్ తలూపాడు.

"సేపలు తింటావా?"

"తింటానండీ."

"ముల్లు తీసుకోడం వచ్చా?"

"రాదండీ."

"నేర్సుకో," అంది ఆవిడ, మెట్ల వైపు నడుస్తూ. "మా ఇంట్లోకొచ్చే మొగోడికి అది రావాల."