మాస్టారి విమానానికి కొత్త మోటారు

ఆదివారం మధ్యాహ్నం కళ్లజోళ్ల షాపుకి సెలవు. ఆ వారం మాత్రం చిన్నోడు షట్టరు సగం దించి, వెనక గదిలో బల్ల ముందు కూర్చున్నాడు. చిన్నోడంటే చిన్నవాడేం కాదు. నలభై దాటాయి, నెత్తిన జుట్టు కూడా సెలవు తీసుకుంది. అయినా అన్న పెట్టిన పిలుపు అలాగే అతుక్కుపోయింది.

బల్ల మీద ఉన్నది ఆ అన్న చేసిన ఎగిరే బొమ్మ విమానమే. ఆయన స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. తేలిక చెక్కని బ్లేడుతో చెక్కి, పలచటి కాగితం అంటించి, రెండు మూరల రెక్కలతో సొంతంగా చేసుకున్నాడు. ముక్కు దగ్గర నిమ్మకాయంత ఇంజన్. మిథనాల్ అనే స్పిరిట్‌లో ఆముదం కలిపి పోస్తే, చెవులు చిల్లులు పడేలా అరుస్తూ తిరిగేది.

ఆయన పోయి ఏడాదైంది. మొన్న వదిన దాన్ని పాత దుప్పట్లో చుట్టి తెచ్చింది.

"పిల్ల ఎగరేస్తానంటోంది. ఆ నూనె వాసన నా వల్ల కాదు. బ్యాటరీతో నడిచేలా చేసి పెట్టవూ?"

కాదనడానికి అతనికి నోరు రాలేదు. ఎందుకు రాలేదో అతనికొక్కడికే తెలుసు.

నాలుగు స్క్రూలు విప్పి ఇంజన్ తీసేశాడు. దాని వెనకున్న ఇంధనం డబ్బా బయటికి లాగాడు. లోపల చుక్క లేదు. నూనె తాగి నల్లబడ్డ చెక్కని స్పిరిట్ గుడ్డతో తుడిచి, పౌడరు చల్లి, ఆరాక దులిపాడు. కొత్త ప్లైవుడ్ ముక్క అతికించి, దాని మీద బొటనవేలంత ఎలక్ట్రిక్ మోటారు బిగించి, ప్రొపెల్లర్ తగిలించాడు. ఇక డబ్బా ఉన్నచోట బ్యాటరీ పెట్టడమే మిగిలింది.

అంతకుముందు ఒకసారి బరువు ఎటు మొగ్గుతోందో చూద్దామని, రెక్కల కింద రెండు చూపుడువేళ్లు ఆనించి విమానాన్ని పైకెత్తాడు.

ముక్కు దభీమని కిందికి దిగిపోయింది.

అతను ఆశ్చర్యపోయాడు. కొత్త మోటారు పాత ఇంజన్లో సగం బరువు కూడా లేదు. తోక కదా దిగాలి! డబ్బా ఖాళీలో ఏమైనా ఇరుక్కుందేమోనని వేలు దూర్చి తడిమాడు.

లోపల ఇంకో వేలు తగిలింది.

చల్లగా... మెత్తగా... గోరుతో సహా.

చెయ్యి లాక్కుని వెనక్కి పడ్డాడు. టార్చి వేసి చూస్తే ఖాళీ చెక్క తప్ప ఏమీ లేదు. "నిద్ర చాల్లేదు, అంతే" అని పైకే అనుకున్నాడు.

అప్పుడు ప్రొపెల్లర్ కదిలింది.

బ్యాటరీ బల్ల అవతల పడి ఉంది. మోటారు వైర్లు గాల్లో వేలాడుతున్నాయి. అయినా ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగింది. ఆగింది. ఇంకో చుట్టు... ఎవరో వేలితో తిప్పి చూస్తున్నట్టు. అంతలో ఒక్కసారిగా అందుకుంది. ఎలక్ట్రిక్ మోటారు చేసే సన్నని రొద కాదది. నూనె ఇంజన్ అరుపు! గదంతా కాలిన ఆముదం కంపు.

అతని నోరు పిడచకట్టుకుపోయింది. పక్కనున్న సీసా అందుకుని రెండు గుక్కలు మింగాడు. ఇందాక తనే కుళాయి దగ్గర పట్టుకున్న నీళ్లు. గొంతులో నిప్పులా దిగాయి.

ఇంజన్ టక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలో, చెవి పక్కనే, జలుబు గొంతు ఒకటి...

"ఎండకి వేడెక్కాయిలే... తాగెయ్."

గొంతు మాస్టారిది. కానీ ఆ మాట మొదట అన్నది చిన్నోడే. ఏడాది కిందట, ఖాళీ మైదానంలో. మిథనాల్ డబ్బా మూత పగిలిందని, నీళ్లలాగే కనిపించే ఆ విషాన్ని నీళ్ల సీసాలో పోసి అన్న సంచిలో పెట్టింది తనే. జలుబు పట్టి వాసన తెలియని మాస్టారు, దాహంతో గడగడా తాగేసి, "నీళ్లేంట్రా ఇలా ఉన్నాయి?" అని అడిగాడు. చిన్నోడికి ఆ క్షణమే అర్థమైంది. కానీ భయపడి ఆ అబద్ధం చెప్పాడు. మర్నాడు కళ్లకి తెల్లటి పొగ కమ్మిందని అన్న గోడలు తడుముకున్నాడు. ఆస్పత్రిలో డాక్టరు, "ఏం తాగాడు?" అని అడిగితే, చిన్నోడు తల దించుకుని, "ఎక్కడో కల్తీ సారా తాగొచ్చాడు సార్" అన్నాడు. పక్కనే మంచం మీద మాస్టారు వింటూనే ఉన్నాడు. మాట్లాడే ఓపిక లేదు. మూడోనాడు పోయాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి తాగుబోతుగా పోయాడు. స్కూల్లో పిల్లని తాగుబోతు కూతురన్నారు. వదిన పెళ్లిళ్లకి వెళ్లడం మానేసింది.

"అన్నయ్యా... తప్పయిపోయింది..."

ఎదురుగోడ మీద కళ్లు పరీక్షించే అక్షరాల అట్ట ఉంది. అందులో అడుగు వరస చెరిగిపోయింది. దాని పైవరస... ఆ పైది... చివరికి అన్నిటికన్నా పైనున్న పెద్ద అక్షరం ఒక్కటే మిగిలింది. అదీ పోయింది.

అంతా తెలుపు.

పాకుతూ షట్టరు దాకా వెళ్లి కేక పెట్టాడు. దారిన పోయేవాళ్లెవరో ఆస్పత్రిలో చేర్చారు. వెంట తెచ్చిన సీసాలో ఉన్నవి మంచినీళ్లే అన్నారు డాక్టర్లు. రక్తంలో ఏమీ లేదన్నారు. కళ్లు శుభ్రంగా ఉన్నాయన్నారు. చూపు మాత్రం రాలేదు.

సాయంత్రానికి పక్కన కుర్చీ కిర్రుమంది. ఎవరో అతని మణికట్టు పట్టుకున్నారు.

"వదినా?" అన్నాడు. పట్టు కాస్త బిగిసింది. ఇక ఆపుకోలేకపోయాడు. సీసా సంగతి, మైదానంలో అబద్ధం, డాక్టరుతో అన్న మాట అన్నీ కక్కేశాడు. చివర్లో గొంతు తగ్గించి, "ఇది మనిద్దరి మధ్యే ఉండనీ వదినా. బయట తెలిస్తే నేను తలెత్తుకోలేను" అన్నాడు.

"మీ అన్న తలెత్తుకున్నాడా?"

వదిన గొంతే. కానీ తలుపు దగ్గర్నుంచి వచ్చింది.

"అంతా విన్నాం. నేనూ, పిల్లా, నర్సమ్మా, డాక్టరుగారూ. రేపు ఆ స్కూలు ముందు నిలబడి ఇదే చెబుతావు. చూపు లేకపోతే నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళతాను." పిల్ల వెక్కిళ్లు వినిపిస్తున్నాయి. "నీ దగ్గర ఎవరూ లేరు కదా, రాత్రికి ఆయాని పంపిస్తాను. పడుకో."

చెప్పుల చప్పుడు వరండాలో దూరమైంది. తలుపు మూసుకుంది.

మణికట్టు మీది చెయ్యి అలాగే ఉంది. దాని బొటనవేలు మెల్లగా జరిగి, అతని నాడి మీద ఆగింది. చెవి పక్కనే ఆ జలుబు గొంతు ఒక్కొక్క దెబ్బా లెక్కపెట్టడం మొదలుపెట్టింది... వందనుంచి వెనక్కి.